ఉలి ఆగిన చోట: గ్రీకు, ఈజియన్ కట్టడాలలో పనివాడి జాడ

ప్రాచీన గ్రీకు కట్టడాల గురించి మన పాఠ్యపుస్తకాలు డోరిక్, అయోనిక్, కొరింథియన్ అనే మూడు స్తంభ శైలులను పేర్కొని, ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయం బొమ్మ ఒకటి వేసి, గ్రీకులు సౌందర్యాన్ని ఆరాధించారని ఒక వాక్యం రాసి ముగిస్తాయి. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. అయితే ఆ రాయి ఏ కొండ నుంచి వచ్చిందో, ఎవరు తొలిచారో, ఎలా పైకెత్తారో, రాయికీ రాయికీ మధ్య ఏం పెట్టారో, రోజుకు కూలి ఎంత ఇచ్చారో అది చదివిన విద్యార్థికి తెలియదు. నేను చీమకుర్తిలో పుట్టి, అక్కడి గ్రానైట్ క్వారీలలో బ్లాకులు కొలిచి లెక్క రాసే ఉద్యోగం చేస్తూ ఒంగోలులో స్థిరపడినవాణ్ణి. రాతి కట్టడం ఏది కనిపించినా దాని పని ఎలా జరిగి ఉంటుందన్న ప్రశ్నే నాకు ముందుగా తడుతుంది. ఆ ప్రశ్న పట్టుకుని కొన్నేళ్లుగా గ్రీకు, ఈజియన్ నాగరికతల కళను చదువుతూ వచ్చాక నాలో ఒక అభిప్రాయం బలపడింది: నునుపుగా పూర్తయిన భాగాల కన్నా, పని అర్ధాంతరంగా ఆగిపోయిన చోట్లు, అతుకు బయటపడిన చోట్లు, చెరిపేయవలసిన గీత చెరగకుండా మిగిలిన చోట్లు ఆ కళ గురించి మనకు ఎక్కువ చెబుతాయి.

ముందుగా రాయి సంగతి చెప్పుకోవాలి. నల్లని నేల మీద బంగారు రంగు చుక్కలతో మెరిసే మా చీమకుర్తి 'బ్లాక్ గెలాక్సీ'ని వ్యాపారంలో అందరూ గ్రానైట్ అనే పిలిచినా, భూగర్భ శాస్త్రం దాన్ని గాబ్రో జాతి అగ్నిశిలగా గుర్తిస్తుంది. గ్రీకుల పాలరాయి అలాంటిది కాదు. సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మారగా ఏర్పడింది. మోహ్స్ కాఠిన్యపు కొలతలో పాలరాయి 3 దగ్గర నిలిస్తే, మన రాయి 6కు అటూ ఇటూగా ఉంటుంది. చెవి తమ్మెను, చేతి మీద ఉబ్బిన నరాన్ని, తడి బట్ట మడతను ఉలితో అంత సన్నగా తీయగలగడానికి శిల్పి నేర్పుతో పాటు ఆ రాయి మెత్తదనం కూడా కారణమే. పైగా వెలుతురు పాలరాతి పైపొరలోకి కొంత చొచ్చుకుపోయి తిరిగి వస్తుంది కనుక, ఆ రాతిలో చెక్కిన దేహానికి ఒక సజీవమైన కాంతి కలుగుతుంది. మా నల్లరాయికి ఎంత పాలిష్ పట్టినా వెలుతురు పైనుంచే వెనుదిరుగుతుంది.

గ్రీకుల కన్నా చాలా ముందే ఈజియన్ సముద్రంలోని సైక్లాడిక్ దీవులలో ఈ పాలరాయిని పనిలోకి తెచ్చినవారు ఉన్నారు. క్రీ.పూ. 3000 తర్వాతి శతాబ్దాలలో నాక్సోస్, పారోస్ వంటి దీవులలో తయారైన బొమ్మలు, కడుపు మీద చేతులు మడిచిపెట్టుకుని, ముఖంలో ముక్కు తప్ప మరేదీ చెక్కని స్త్రీ మూర్తులు, ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలలో కనిపిస్తాయి. వాటిని చేసినవారి చేతిలో ఇనుము లేదు. నాక్సోస్ దీవిలో దొరికే ఎమెరీ రాతితో రుద్ది రుద్ది ఆకారం తెచ్చారు, మెలోస్ దీవి నుంచి వచ్చిన అబ్సిడియన్ అనే నల్లని అగ్నిపర్వత గాజు చెక్కలతో సన్నని గాట్లు పెట్టారు. చెక్కడం కన్నా రుద్దడమే ఎక్కువైన పని కాబట్టే ఆ ఆకారాలకు అంతటి నిరాడంబరమైన నునుపు వచ్చిందని నేను అనుకుంటాను. కొన్నింటి మీద కళ్లకూ జుట్టుకూ వేసిన నీలం, ఎరుపు రంగుల జాడలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు కళాభిమానులు మెచ్చుకున్న ఆ తెల్లని శూన్యమైన ముఖం కాలం రంగును కడిగేయగా మిగిలినది. ఆ మెప్పే ఆ దీవులకు చేటు తెచ్చింది. సేకరణదారుల గిరాకీ పెరిగి సమాధులను దొంగతనంగా తవ్వేశారు. అందువల్ల నేడు మ్యూజియంలలో ఉన్న ఎన్నో బొమ్మలు ఏ సమాధిలో, ఎవరి పక్కన, ఏ వస్తువులతో కలిసి ఉండేవో చెప్పే ఆధారం శాశ్వతంగా పోయింది. ఈ నష్టాన్ని తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

క్రీట్ దీవిలోని క్నోసోస్ ప్రాసాదం మరొక విధమైన కష్టాన్ని మన ముందు పెడుతుంది. 1878లో మినోస్ కలోకైరినోస్ అనే స్థానికుడు అక్కడ మొదట తవ్వి చూశాడు. 1900లో ఆర్థర్ ఇవాన్స్ ఆ స్థలాన్ని కొని పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపాడు. నడుమ సుమారు 50 మీటర్ల పొడవూ 25 మీటర్ల వెడల్పూ ఉన్న విశాలమైన ముంగిలి, దాని చుట్టూ అంతస్తులుగా పెరిగిన గదులు, లోపలి గదులకు వెలుతురూ గాలీ అందించే నిలువు బావులు, నిలువెత్తు మట్టి జాడీలు వరుసగా నిలిపిన గిడ్డంగులు అందులో ఉన్నాయి. చెక్కిన రాళ్ల మీద రెండంచుల గొడ్డలి, నక్షత్రం వంటి గుర్తులు కనిపిస్తాయి. అవి రాతి పనివారు పెట్టుకున్న గుర్తులు. భూకంపాల సీమ కనుక గోడల మధ్య దూలాలు పొదిగారు. స్తంభాలు చెక్కవి, పైన లావుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ సన్నబడేవి. ఆ చెక్క కాలిపోయి, కుళ్లిపోయి నశించింది. ఇవాన్స్ దాని స్థానంలో ఉక్కు కడ్డీల కాంక్రీటుతో స్తంభాలను మళ్లీ పోయించి ఎరుపు రంగు వేయించాడు. పర్యాటకులు ఫొటో తీసుకునే ఎర్రని స్తంభాలు ఇరవయ్యో శతాబ్దపువి. కూలిపోతున్న పై అంతస్తులను నిలబెట్టడానికి ఆయనకు వేరే దారి తక్కువేనని ఒప్పుకుంటూనే, అసలు ఏది, అతుకు ఏది అన్న భేదం కంటికి తెలియకుండా పోవడం ఒక పెద్ద లోపమని నేను భావిస్తాను. కుడ్యచిత్రాల విషయంలో ఇది ఇంకా తీవ్రం. కుంకుమపువ్వు ఏరుతున్న బాలుడిగా మొదట పూరించిన బొమ్మ ఒకటి, తరువాతి పరిశీలనలో నీలిరంగు కోతిదని తేలింది.

నీలి కోతులు థేరా దీవిలోని అక్రోతిరి చిత్రాలలోనూ ఉన్నాయి. క్రీ.పూ. 1600కు అటూ ఇటూగా అగ్నిపర్వతం బద్దలై ఆ ఊరిని బూడిదలో పూడ్చింది. 1967 నుంచి స్పిరిడాన్ మారినాటోస్ ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలయ్యాయి. బూడిద కాపాడిన గోడల మీద ఆ కోతులు తోకను పైకి వంపు తిప్పి పట్టుకుని కనిపిస్తాయి. ఆ తోక తీరును బట్టి అవి ఆఫ్రికా కోతులు కావనీ, మన దేశపు కొండముచ్చులనీ కొద్దేళ్ల కిందట కళా చరిత్రకారులూ వానర శాస్త్రజ్ఞులూ కలిసి వాదించారు. మూడున్నర వేల ఏళ్ల కిందట ఒక కొండముచ్చు రూపం అంత దూరం ఎలా ప్రయాణించిందో ఊహించడం నాకెంతో ఇష్టం. ఇక పనివాడి జాడ విషయానికి వస్తే, ఈజియన్ చిత్రాలలో తడి సున్నపు పూత మీద దారాన్ని బిగలాగి నొక్కిన అచ్చులు కనిపిస్తాయి. అంచు పట్టీలు తిన్నగా రావడానికి చిత్రకారులు వాడిన పద్ధతి అది. మన వడ్రంగులు దూలం మీద రంగు దారం కొట్టి గీత పెట్టుకోవడం చూసినవారికి ఆ అచ్చును వేరే వివరించనక్కరలేదు.

గ్రీసు ప్రధాన భూభాగంలోని మైసీనే దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. క్రీ.పూ. పదమూడో శతాబ్దంలో కట్టిన అక్కడి కోట గోడలలోని బండలు ఎంత పెద్దవంటే, ఒంటికన్ను రాక్షసులైన సైక్లోపులే వాటిని పేర్చారని తరువాతి గ్రీకులు నమ్మారు. సింహద్వారం పైదూలం ఒక్కటే సుమారు 20 టన్నుల బండ. దాని మీద నేరుగా గోడ లేపితే ఆ బరువుకు దూలం నడుమ విరుగుతుంది. అందుకని దూలం పైన త్రికోణాకారంలో ఖాళీ వదిలి, ఇరుపక్కల బండలను ఒకదాని కన్నా ఒకటి ముందుకు జరుపుతూ పేర్చి, బరువు నిలువు కమ్మీల మీదికి దిగేలా చేశారు. ఆ ఖాళీని మూయడానికి పెట్టిన పలక మీదనే ఎదురెదురుగా నిలబడ్డ రెండు సింహాలను చెక్కారు. లోకప్రసిద్ధమైన ఆ శిల్పం కూర్చున్న చోటు ఒక నిర్మాణ అవసరం వల్ల పుట్టినది. సింహాల తలలు వేరుగా చేసి అతికించినవి. అవి పోయాయి, అతికించడానికి చేసిన రంధ్రాలు మిగిలాయి. సింహాల నడుమ నిలిపిన స్తంభం క్రీట్ పద్ధతిలో కిందికి సన్నబడుతుంది.

అదే ఊరిలో 'ఆట్రియస్ ఖజానా' అని పేరుపడ్డ సమాధి ఉంది. పేరులో ఖజానా ఉన్నా అది రాజు సమాధి. కొండ వాలును తొలిచి, సుమారు 36 మీటర్ల పొడవైన దారిని ఇరువైపులా రాతి గోడలతో కట్టి, దాని చివర 14 మీటర్లకు పైగా వ్యాసమూ 13 మీటర్లకు పైగా ఎత్తూ ఉన్న గుండ్రని గదిని లేపారు. వరుస మీద వరుసగా రాళ్లను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ, చివరికి ఒక్క రాతితో మూసేలా పేర్చి, ఆ తర్వాత లోపలి అంచులను చెక్కి ఒకే నునుపైన వంపుగా దిద్దారు. చుట్టూ నింపిన మట్టి బరువు ఆ వలయాలను బిగించి పట్టుకుంటుంది. రోమన్లు కాంక్రీటుతో పెద్ద గుమ్మటాలు కట్టేదాకా, అంటే వెయ్యేళ్లకు పైగా, నడుమ ఆధారం లేకుండా అంత వెడల్పును కప్పిన మరో గుమ్మటం లేదు. ద్వారం మీద లోపలి వైపు పెట్టిన దూలం బరువు సుమారు 120 టన్నులని లెక్కకట్టారు. మా క్వారీలో 30 టన్నుల బ్లాకు అంటేనే పెద్దది; దాన్ని లారీకెక్కించే రోజున క్రేన్ నడిపేవాడితో సహా అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడతారు. కంచు పనిముట్లూ, తాళ్లూ, చెక్క దుంగలూ, మనుషులూ, పశువులూ తప్ప మరేమీ లేని కాలంలో 120 టన్నుల రాతిని దాని చోట సరిగ్గా కూర్చోబెట్టిన ఆ పని ముందు, పార్థెనాన్ పట్ల నాకున్న గౌరవంతో సమానమైన గౌరవంతో నేను తల వంచుతాను.

మైసీనే రాజ్యాలు కూలిన తర్వాత కొన్ని శతాబ్దాలపాటు పెద్ద రాతి కట్టడాలు ఆగిపోయాయి. మళ్లీ గ్రీకులు ఆలయాలు కట్టడం మొదలుపెట్టినప్పుడు ముందు చెక్కతో, మట్టి ఇటుకతో కట్టి, క్రీ.పూ. ఏడో శతాబ్దం నుంచి రాతికి మారారు. ఆ మధ్యకాలంలో, ఆ తర్వాతా కుమ్మరులు సాధించినది తక్కువేమీ కాదు. ఏథెన్స్ కుండల మీది నలుపు వేరే రంగు కాదు. ఇనుము ఎక్కువున్న మట్టినే సన్నగా తేర్చి పూసి, ఆవంలో ముందు గాలి ఆడనిచ్చి, తరువాత గాలి బంధించి, మళ్లీ గాలి వదిలి కాల్చితే పూసిన చోట నలుపు నిలిచి, మిగతా చోట ఎరుపు తిరిగి వస్తుంది. కాలుడు ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఆవం లోంచి కొక్కెంతో బయటికి లాగిన, రంధ్రం చేసిన పరీక్ష పెంకులు కూడా ఏథెన్స్ తవ్వకాలలో దొరికాయి. కంచు విగ్రహాలకు మైనపు అచ్చు పద్ధతి వాడారు. 1972లో ఇటలీలోని రియాచే తీరంలో సముద్రం నుంచి బయటపడిన ఇద్దరు యోధుల విగ్రహాలకు పెదవులు రాగితో అమర్చారు, ఒకదానికి పళ్లు వెండితో పెట్టారు.

ఇక ఏథెన్స్ కొండకోట అయిన ఆక్రోపోలిస్‌కు వస్తాను. క్రీ.పూ. 447లో మొదలై 432లో ముగిసిన పార్థెనాన్‌కు ఇక్టినోస్, కల్లిక్రటీస్ స్థపతులు. శిల్పాల పర్యవేక్షణ ఫీడియాస్‌ది. రాయి ఊరికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండది. క్వారీలో బండ చుట్టూ ఉలితో కాలువ తీసి, చీలలు దిగగొట్టి, బండను విడదీసి, అవసరమైన ఆకారానికి కాస్త ఎక్కువగా ఉండేలా అక్కడే మోటుగా చెక్కేవారు. లోపల పగులున్న రాయి అక్కడే బయటపడితే మోత కూలి మిగులుతుంది కదా. 10 మీటర్లకు పైగా ఎత్తున్న ఒక్కో స్తంభాన్ని పది పన్నెండు గుండ్రని దిమ్మెలుగా కొట్టి తెచ్చారు. వాటిలో పనికిరాక, లేదా పని ఆగిపోయి మిగిలినవి మనకు పెద్ద పాఠ్యగ్రంథం. పార్థెనాన్‌కు ముందు అదే స్థలంలో మొదలుపెట్టిన ఆలయాన్ని క్రీ.పూ. 480లో పర్షియన్లు ధ్వంసం చేశారు. కాడలు, అంటే స్తంభం పొడవునా చెక్కే నిలువు గాళ్లు, ఇంకా తీయని ఆ ఆలయపు దిమ్మెలను ఏథెన్స్‌వారు కోట ఉత్తరపు గోడలో వరుసగా కట్టారు. కింది ఊరి నుంచి తలెత్తి చూస్తే అవి నేటికీ కనిపిస్తాయి.

దిమ్మె మీద దిమ్మె ఎలా నిలిచిందన్నది నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆకర్షించిన విషయం. సున్నం గాని, మరే అతుకు మందు గాని అక్కడ వాడలేదు. దిమ్మె ముఖం నడిమి భాగాన్ని కొంచెం లోతుగా, గరుకుగా వదిలి, అంచు చుట్టూ ఉన్న పట్టీని మాత్రం అతి నునుపుగా దిద్దేవారు. అందువల్ల రెండు దిమ్మెలు ఆ పట్టీ దగ్గర మాత్రమే తాకి, వెంట్రుక దూరని సందుతో కలుస్తాయి. ముఖం సమంగా వచ్చిందో లేదో చూడడానికి, మట్టసమైన ఒక పలకకు ఎర్రమన్ను రాసి రాతి మీద ఆనించి, ఎరుపు అంటిన మిట్టలను మళ్లీ చెక్కేవారు. లెబడేయా అనే ఊరిలో దొరికిన ఒక ఆలయ నిర్మాణపు ఒప్పంద శాసనంలో ఈ పరీక్షను కచ్చితంగా జరపాలని రాసి ఉంది. దిమ్మె నడుమ చతురస్రపు గుంట తీసి, చెక్క బిరడా బిగించి, దాని మధ్యలో చెక్క మేకు నిలిపి, పై దిమ్మెను కింది దిమ్మెకు సరిగ్గా కేంద్రీకరించేవారు. గాలి చొరని ఆ గుంటలలో కొన్ని బిరడాలు 2400 ఏళ్ల తర్వాత కూడా చెడకుండా దొరికాయి. స్తంభం నిలువునా కనిపించే 20 కాడలను దిమ్మెలు పేర్చకముందు తీయరు. పైనా కిందా కొద్ది మేర మాత్రం గుర్తుగా తీసి, స్తంభం నిలబడ్డాక ఆ రెండు చివరలనూ కలుపుతూ పై నుంచి కింది దాకా చెక్కుతారు. ముందే తీస్తే ఎత్తేటప్పుడు అంచులు చిట్లుతాయి, గీతలు కలవవు.

ఆక్రోపోలిస్ ముఖద్వారమైన ప్రొపిలాయియాను మ్నెసిక్లీస్ క్రీ.పూ. 437లో మొదలుపెట్టగా, 432 నాటికి స్పార్టాతో యుద్ధం ముంచుకొచ్చి పని ఆగింది. దాని గోడల రాళ్ల మీద చిన్నచిన్న బుడిపెలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గోడ ఫొటోను మా క్వారీలో చిన్నతనం నుంచీ సమ్మెట పట్టిన ఒక పెద్ద మేస్త్రికి ఫోనులో చూపించి, ఇవి ఏమై ఉంటాయి మేస్త్రీ అని అడిగాను. ఆయన బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూసి, “తాడు జారకుండా ఒదిలిపెట్టిన బుడిపెలు బాబూ ఇయ్యి. గోడ అయిపోయినాక కొట్టేసి సాపు చెయ్యాల. చెయ్యలేదంటే డబ్బులన్నా అయిపోయుండాల, మనుషులన్నా ఎల్లిపోయుండాల” అన్నారు. యుద్ధం సంగతి నేను ఆయనకు అప్పటికి చెప్పలేదు. సిసిలీలోని సెజెస్టాలో ఒక డోరిక్ ఆలయం ఇదే స్థితిలో నిలిచి ఉంది: 36 స్తంభాలూ లేచాయి, ఒక్కదానికీ కాడలు తీయలేదు, మెట్ల రాళ్ల మీద బుడిపెలు అలాగే ఉన్నాయి. నాక్సోస్ దీవిలోని అపొల్లోనాస్ పాత క్వారీలో సుమారు 10 మీటర్ల పొడవైన పురుష విగ్రహం రెండువేల అయిదువందల ఏళ్లకు పైగా వెల్లకిలా పడుకుని ఉంది. మొహమూ గడ్డమూ పోల్చుకునేంత వరకే ఉలి పని నడిచింది. శిల్పాన్ని కూడా క్వారీలోనే మోటుగా తీర్చి ఆ తర్వాతే తరలించేవారని దాన్ని చూసి తెలుసుకున్నాం.

మా ప్రాంతంలో చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనకు వెళ్లినవారు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఒక ఆలోచనను చూడగలరు. అక్కడ కొండను తొలిచి ఎనిమిది గుహాలయాలు మలిచారు. స్తంభం, గోడ, లోపలి లింగానికి చోటు, అన్నీ ఒకే కొండలో భాగాలు. తొలిచే శిల్పికి అతుకు బెంగ లేదు, ఎత్తే పని లేదు, కాని ఒక్క దెబ్బ తప్పితే మార్చుకోవడానికి మరో రాయి లేదు. పేర్చి కట్టే గ్రీకు స్థపతికి చెడిన రాయిని తీసి మరొకటి పెట్టే వీలుంది. దానికి బదులు ప్రతి సందునూ, ప్రతి మట్టాన్నీ అతను లెక్కించుకోవాలి. రెండు పద్ధతులలో ఏది గొప్పదన్న వాదన నాకు నిరుపయోగంగా తోస్తుంది. అయితే ఒకదాన్ని ఎరిగినవాడికి రెండోదానిలోని కష్టం త్వరగా బోధపడుతుంది.

గ్రీకు స్థపతులు నమూనా గీతలు గీసుకునేవారా అన్న ప్రశ్నకు చాలాకాలం జవాబు లేదు. 1979లో లోథార్ హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు, నేటి తుర్కియేలోని డిడిమాలో ఉన్న అపోలో ఆలయపు లోపలి గోడల మీద, ఏటవాలు ఎండలో మాత్రమే కనిపించేంత సన్నని గీతలను గుర్తించాడు. దాదాపు 200 చదరపు మీటర్ల మేర ఆ గోడల మీద స్తంభాల, పీఠాల, పైభాగాల నమూనాలు గీసి ఉన్నాయి. స్తంభానికి నడుమ వచ్చే సన్నని ఉబ్బును లెక్కించడానికి వారు చేసిన ఉపాయం చూడండి: అడ్డు కొలతలను అసలు పరిమాణంలోనే ఉంచి, ఎత్తును మాత్రం పదహారో వంతుకు కుదించి, ఆ చట్రంలో ఒక వృత్తపు చాపాన్ని గీసి, ప్రతి ఎత్తు దగ్గరా స్తంభం ఎంత లావుండాలో ఆ గీత మీద నేరుగా కొలుచుకున్నారు. ఆలయం పూర్తయి ఉంటే ఆఖరున గోడలకు సాన పట్టినప్పుడు ఈ గీతలన్నీ చెరిగిపోయేవి. శతాబ్దాలపాటు సాగిన ఆ పని ముగియకపోవడం వల్లనే అవి మనకు దక్కాయి.

పనివారి గురించి ఇంకా సూటిగా చెప్పే ఆధారం ఆక్రోపోలిస్ మీదే ఉన్న ఎరెక్థియాన్ ఆలయపు లెక్కల శాసనాలు. క్రీ.పూ. 409 నుంచి 406 వరకు ఖర్చును రాతి పలకల మీద చెక్కించి ప్రజలందరికీ కనిపించేలా నిలిపారు. ఎవరు ఏ స్తంభానికి కాడలు తీశారు, ఎవరు ఏ బొమ్మ చెక్కారు, ఎంత తీసుకున్నారు అన్నది పేరుపేరునా ఉంది. అందులో హోదా తెలిసిన 86 మంది పనివారిలో 24 మంది పౌరులు, 42 మంది బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవారు, 20 మంది బానిసలు. రోజు కూలి అందరికీ ఒక్క డ్రక్మా, అంటే నాటి గ్రీకు వెండి నాణెం. స్థపతికి లెక్కగట్టినదీ రోజుకు అంతే. బానిస కూలి యజమానికి చేరేదన్న చేదు నిజాన్ని మరవకూడదు. అయినా నిత్యం కొలతలూ కూలీలూ రాసే పనిలో ఉన్న నాకు, స్థపతి పేరూ బానిస పేరూ ఒకే పలక మీద ఒకే వరుసలో రాసిన ఆ లెక్క, ఆ ఆలయంలో కన్యలు స్తంభాలుగా నిలిచిన ప్రఖ్యాత మండపం కన్నా తక్కువ విలువైనదిగా అనిపించదు.

పార్థెనాన్‌లో గీత ఏదీ తిన్నగా లేదన్న సంగతి చాలామంది విని ఉంటారు. స్తంభాలు నిలబడ్డ అరుగు పొట్టి వైపు సుమారు 6 సెంటీమీటర్లూ, పొడుగు వైపు సుమారు 11 సెంటీమీటర్లూ నడుమ ఉబ్బి ఉంటుంది. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి; మూలల్లోవి మిగతా వాటి కన్నా కాస్త లావు. సమంగా కట్టిన అరుగు కంటికి గుంట పడినట్టు కనిపిస్తుందనీ, ఆ దోషాన్ని సరిచేయడానికే ఇలా కడతారనీ రోమన్ స్థపతి విట్రూవియస్ రాశాడు. కారణం అదే అయినా, నీరు జారడం వంటి మరొకటి తోడైనా, ఫలితం మాత్రం పనివాడి మీద పడింది. అరుగు వంగి ఉన్నప్పుడు దాని మీది స్తంభపు కింది దిమ్మె అడుగు ఆ వంపుకు తగిన కోణంలో ఉండాలి, పైదూలాలు ఆ వంపును పైదాకా మోసుకెళ్లాలి. ఒక చోట చెక్కిన రాయి పక్క చోటికి కచ్చితంగా సరిపోదు.

ఈ సూక్ష్మతే తరువాతి కాలంలో ఆ కట్టడానికి అక్కరకు వచ్చింది. 1687లో లోపల నిల్వ ఉంచిన తుపాకిమందు మీద వెనిస్ సైన్యం గుండు పడి పార్థెనాన్ నడుమ పేలిపోయింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఎల్గిన్ ప్రభువు మనుషులు శిల్పాలను ఊడదీసి లండన్‌కు తరలించారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో నికోలస్ బలానోస్ అనే ఇంజనీరు పడిన రాళ్లను మళ్లీ నిలబెట్టాడు. అయితే ప్రాచీనులు ఇనుప కట్ల చుట్టూ కరిగించిన సీసం పోసి తడి తగలకుండా కాపాడగా, ఆయన వాడిన ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని లోపలి నుంచి చీల్చింది. రాళ్లలో చాలావాటిని వాటి అసలు చోట్లలో పెట్టనూ లేదు. 1975లో ఏర్పడిన పరిరక్షణ సంఘం ఆ ఇనుమును తీసి టైటానియం వేయిస్తోంది, తప్పనిసరి చోట్ల పెంటెలికాన్ కొండ పాలరాతినే కొత్తగా చెక్కి, పాతదానికీ కొత్తదానికీ తేడా రంగులో తెలిసేలా అతికిస్తోంది. మనోలిస్ కొర్రెస్ వంటి స్థపతులు చెల్లాచెదురుగా పడి ఉన్న రాళ్ల కోణాలు, కట్ల గుంతలు, ఎండావానల అరుగుదల కొలిచి ఏ రాయి ఎక్కడిదో గుర్తించారు; ప్రతి రాయీ తనకంటూ ఒక్క చోటుకే సరిపడేలా చెక్కినది కాబట్టి, తప్పు చోట్లలో కూర్చున్న రాళ్లను దించి వాటి సొంత చోట్లకు చేర్చడం సాధ్యమైంది.